మంగలి కత్తి పదును నిలబెట్టుకోవడం: కొత్తవాళ్లకి సమగ్ర మార్గదర్శి

పాతకాలపు మంగలి కత్తితో సొంతంగా గడ్డం గీసుకోవాలని ముచ్చటపడేవాళ్లు చాలామంది కత్తితో పాటే సానరాయి కూడా కొనేస్తారు. వారం తిరక్కముందే కత్తిని రాయి మీద పెడతారు. ఉన్న పదును కాస్తా పోతుంది, మొహం మండుతుంది, కత్తి బీరువాలోకి చేరుతుంది. అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను. మొదటి ఏడాది మీరు నేర్చుకోవాల్సిన పని కొత్తగా పదును పెట్టడం కాదు, ఉన్న పదును పోకుండా చూసుకోవడం. అందుకు తోలు పట్టీ, పొడి గుడ్డ, కాస్త నూనె, బోలెడంత నిదానం ఉంటే చాలు. రాయి గురించి కూడా వివరంగానే చెబుతాను, కానీ చివర్లో. మీరు కూడా దాన్ని చివరికే ఉంచండి.

ఏ కత్తి గురించి మాట్లాడుతున్నాం

ఇప్పుడు మన సెలూన్లలో కనిపించే కత్తి చూడ్డానికి పాతదానిలాగే ఉంటుంది గానీ, అందులో సగానికి విరిచిన బ్లేడు దూర్చి వాడతారు. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడరు. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి లాంటివి రక్తం ద్వారా సోకుతాయని తెలిశాక వచ్చిన మంచి మార్పు అది. ఆ కత్తికి నూరే పనే లేదు. మనం మాట్లాడుకునేది అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, మొత్తం ఒకే ముక్కతో చేసి, మడిచి పిడిలో పెట్టుకునే కత్తి గురించి. కొన్ని దశాబ్దాల క్రితం దాకా మన ఊళ్లలో నాయీ బ్రాహ్మణుల పొదిలో ఉన్నది ఇదే. దాని పక్కనే చిన్న సానరాయి, తోలు ముక్క, పటిక ఉండేవి. ఇంత సున్నితమైన అంచుని రోజుకి ఎన్నో గడ్డాలకి వాడుతూ ఏళ్ల తరబడి నిలబెట్టిన ఆ పనితనానికి నాకు చాలా గౌరవం. మనం రోజుకి ఒక్క గడ్డానికే వాడతాం కాబట్టి మన పని వాళ్ల పనికంటే తేలిక.

ఒక షరతు మాత్రం మొదటే చెప్పాలి. ఈ కత్తి మనిషికి ఒకటి. తండ్రీకొడుకులైనా సరే, ఒకే కత్తిని పంచుకోకూడదు. ఎంత కడిగినా, ఎంత తుడిచినా ఇంట్లో దాన్ని పూర్తిగా సూక్ష్మక్రిముల్లేకుండా చేయలేం.

వెన్ను ఎందుకు ముఖ్యం

కత్తిని తెరిచి పట్టుకుని చూడండి. పైన మందంగా ఉన్న భాగం వెన్ను. కింద కోసే భాగం అంచు. పిడి వైపున్న చివర మొదలు, అవతలి చివర కొస. అలుగుకీ పిడి జాయింటుకీ మధ్య వేళ్లు ఆనించుకునే సన్నటి భాగం మెడ. అలుగు రెండు పక్కలా లోపలికి గుంటలాగా చెక్కి ఉంటుంది. వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూస్తే అంచు పొడవునా రెండు వైపులా సన్నటి మెరుపు గీత కనిపిస్తుంది. ఆ గీతే బెవెల్, అంటే అంచు వైపు దిగే వాలు. రెండు వైపుల వాలులూ కలిసే చోటే పదును.

వంటింటి చాకుకి నూరేటప్పుడు కోణం చేత్తో చూసుకోవాలి. మంగలి కత్తికి ఆ బాధ లేదు. కోణాన్ని వెన్నే నిర్ణయిస్తుంది. కత్తిని బల్లపరుపుగా పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ ఆనతాయి, మధ్య గుంట పైకే ఉంటుంది. వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, అక్కణ్నుంచి అంచు దాకా 17 మిల్లీమీటర్లు ఉన్న కత్తికి రెండు వాలుల మధ్య కోణం దాదాపు 17 డిగ్రీలు వస్తుంది. వంటింటి చాకుల్లో ఇది చాలావరకు 30 నుంచి 40 డిగ్రీలు. తేడా ఎంతో చూడండి.

ఇందులోంచే ఈ పని మొత్తానికి ఒకే సూత్రం వస్తుంది. తోలు మీదైనా, రాయి మీదైనా వెన్నూ అంచూ రెండూ ఎప్పుడూ ఆనే ఉండాలి. వెన్ను వెంట్రుకవాసి లేచినా బరువంతా అంచు మీదే పడి అది గుండ్రబడుతుంది. కొత్తవాళ్ల దగ్గర పదును పోవడానికి ఇంతకు మించిన కారణం నాకు కనబడలేదు.

పదును ఎలా పోతుంది

బాగా నూరిన కత్తి అంచు మందం అర మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గడ్డం వెంట్రుక మందం 100 మైక్రాన్ల వరకు ఉండొచ్చు. ఉక్కు కంటే వెంట్రుక దాదాపు 50 రెట్లు మెత్తన, అయినా దాని చేతిలో ఉక్కు ఓడిపోతుంది. ఎలాగన్నది 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద షేవింగ్ బ్లేడులు పెట్టి చూశారు. అంచు నెమ్మదిగా అరగడం కంటే చిన్నచిన్న పెచ్చులుగా ఊడటమే వాళ్లకి ఎక్కువగా కనిపించింది. వెంట్రుక నిటారుగా నిలబడకుండా వంగినప్పుడు, అంచులో ఉక్కు ఒకే తీరుగా లేని చోట తగిలినప్పుడు ఆ పెచ్చులు లేస్తున్నాయి.

వాళ్లు చూసింది మామూలు బ్లేడులనే అయినా మన కత్తికీ ఇందులో పాఠం ఉంది. గడ్డం బాగా నానాలి. చర్మాన్ని రెండో చేత్తో బిగువుగా లాగి పట్టుకోవాలి. వెంట్రుక మెత్తబడి, కదలకుండా నిలబడితే అంచుకి దెబ్బ తక్కువ. స్నానం తర్వాత గీసుకోవడం మేలు, కుదరకపోతే గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు తడపండి. కత్తిని చర్మానికి 30 డిగ్రీలకి మించి లేపకండి. నిలువుగా పట్టుకుంటే అది కోయడం మాని గీకుతుంది. చర్మానికీ కీడే, అంచుకీ కీడే.

పదును పోవడానికి ఇంకో దారి తుప్పు. అలుగు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే తుప్పని అందరికీ తెలుస్తుంది. అర మైక్రాన్ అంచు మీద పట్టే తుప్పు మాత్రం కంటికి కనపడదు. నిన్న హాయిగా సాగిన కత్తి ఇవాళ గుంజుతోందంటే చాలాసార్లు దోషి తడే.

కొనేటప్పుడు

జర్మనీలో జోలింగన్, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, ఫ్రాన్స్‌లో తియేర్ ఈ కత్తులకి పేరున్న ఊళ్లు. జోలింగన్ పేరుకైతే జర్మనీలో చట్టపరమైన రక్షణే ఉంది, ఎవరు పడితే వాళ్లు ఆ ముద్ర వేసుకోవడానికి వీల్లేదు. కొత్తదైనా పాతదైనా, మొదటి కత్తి 5/8 లేదా 6/8 అంగుళాల వెడల్పుతో, కొస గుండ్రంగా ఉన్నది తీసుకోండి. చదరపు కొస చెవి పక్కన తెలియకుండా గీరుతుంది.

ఈ కత్తుల చరిత్రలో మన తెలంగాణకీ ఒక ముడి ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు శతాబ్దాల పాటు పశ్చిమాసియాకి వెళ్లింది. అలాంటి భారతీయ ఉక్కు లండన్ చేరినప్పుడు, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కలిసి దాని రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు మొదలుపెట్టారు. 1820, 1822ల్లో ఫలితాలు ప్రచురించారు. ఉక్కులో వెండి లాంటి లోహాలు కలిపి చేసిన ఆ మిశ్రమాలతో గడ్డం కత్తులు కూడా చేయించారు. తర్వాత షెఫీల్డ్ కత్తుల మీద ‘సిల్వర్ స్టీల్’ అన్న ముద్ర ఒక ఆకర్షణ అయింది. పాత కత్తుల్లో ఆ ముద్ర కనబడితే దాని వెనక ఇంత కథ ఉందని గుర్తుంచుకోండి.

పాత కత్తి కొంటుంటే ఫొటోలో అంచు మీదే దృష్టి పెట్టండి. అలుగు మధ్యలో మచ్చలుంటే ఫర్వాలేదు, అంచు దగ్గర గుంటలు పడిన తుప్పు ఉంటే వదిలేయండి. సన్నటి పగులు ఉన్నది ఊరికే ఇచ్చినా వద్దు. వెన్ను ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ అరిగి ఉంటే ఎవరో దాన్ని వంకరగా నూరారని అర్థం. అది కొత్తవాళ్లు సరిచేయగలిగింది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది: పెట్టెలోంచి తీసిన కొత్త కత్తి గడ్డానికి సిద్ధంగా ఉంటుందని అనుకోకండి. ఫ్యాక్టరీ పదును చాలాసార్లు చాలదు. చేయి తిరిగినవాళ్లు నూరి ‘షేవ్ రెడీ’ చేసి ఇచ్చే చోట కొనండి, లేదా కొన్నాక ఒకసారి వాళ్ల చేత నూరించండి. ఇందుకు డబ్బు దండగ అనుకోవద్దు. అసలైన పదును ఎలా ఉంటుందో మీ మొహానికి ఒకసారి తెలియాలి. అది తెలియకపోతే తర్వాత తోలు పనిచేస్తోందో లేదో, రాయి మేలు చేసిందో కీడు చేసిందో దేనితో పోల్చి చూస్తారు?

విమానంలో వెళ్లేవాళ్లకి ఒక మాట. ఈ కత్తి చేతి సంచిలో పెట్టనివ్వరు, చెకిన్ సామానులోనే పెట్టాలి. అమెరికా నుంచి ముచ్చటపడి తెచ్చుకుంటుంటే మర్చిపోకండి.

తోలు పట్టీ: అసలు పని ఇక్కడే

తోలు పట్టీ రాయిలాగా ఉక్కుని అరగదీయదు. గీసుకున్నాక అంచు సూక్ష్మంగా అటూ ఇటూ వంగి, చెదిరి ఉంటుంది. దాన్ని తిరిగి వరసలోకి తెచ్చి, తేమనీ సన్నటి మురికినీ తుడిచి, నునుపు చేయడం దీని పని. ప్రతిసారీ గీసుకునే ముందు పట్టీ మీద తిప్పాల్సిందే. మినహాయింపు లేదు.

పట్టీ 3 అంగుళాల వెడల్పు ఉంటే అలుగు మొత్తం ఒకేసారి పడుతుంది. వేలాడేసే పట్టీల్లో సాధారణంగా రెండు పొరలుంటాయి, ఒకటి నార లేదా క్యాన్వాస్ గుడ్డ, ఇంకోటి తోలు. కొత్తవాళ్లకి చెక్క మీద అంటించిన తోలు కూడా మంచిదే, పట్టీ వదులవుతుందన్న టెన్షన్ ఉండదు. సొంతంగా చేసుకునేవాళ్లు చెట్ల బెరడుతో శుద్ధి చేసిన ఆవు లేదా గేదె తోలు, 3 మిల్లీమీటర్ల మందంలో, ఎక్కడా మచ్చలు మడతలు లేనిది చూసుకోవాలి. మన దగ్గర ఒకప్పుడు తంగేడు చెక్కతో ఇలాగే శుద్ధి చేసేవారు. నడుముకి పెట్టుకునే బెల్టు మాత్రం వద్దు. చాలా బెల్టులు తోలు పొడిని అతికించి పైన రంగు పూసినవే.

ఇప్పుడు పద్ధతి. మొదట కొన్ని రోజులు పదును లేని పాత చాకుతో చేయండి, చేయి అలవాటయ్యాకే కత్తి తీయండి.

పట్టీ కొక్కేన్ని గట్టి మేకుకో, తలుపు గడియకో నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులో తగిలించండి. రెండో చివర ఎడమ చేత్తో పట్టుకుని బిగువుగా లాగండి. వదులుగా ఉంటే తోలు కిందికి కుంగి, అంచు దగ్గర పైకి మడుచుకుని, దాన్ని గుండ్రబరుస్తుంది. అలాగని ఎడమ చేయి వణికేంత బలంగా లాగక్కర్లేదు.

కత్తి మెడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. పిడి, అలుగు ఒకే గీతలో ఉండేలా తెరవండి. కత్తిని తిప్పేది వేళ్లతోనే, మణికట్టుతో కాదు. మణికట్టు తిరిగితే వెన్ను లేస్తుంది. వేళ్ల మధ్య పెన్సిల్ దొర్లించినట్టు మెడని దొర్లించడం అలవాటైతే ఈ పనిలో సగం వచ్చినట్టే.

మీకు దగ్గరగా ఉన్న చివర కత్తిని పడుకోబెట్టండి. వెన్ను అవతలికి, అంచు మీ వైపుకి ఉండాలి. వెన్ను ముందు నడవాలి, అంచు దాని వెనక రావాలి. అలా కొక్కెం దాకా తోయండి. అక్కడ ఆగండి. పూర్తిగా ఆగాకే వెన్నుని తోలు మీదే ఉంచి, అంచుని పైకి లేపి అటువైపు తిప్పండి. ఇప్పుడు వెన్ను మీ వైపు ఉంటుంది. మళ్లీ వెన్ను ముందుగా మీ దగ్గరికి లాగండి. ఇలా వెళ్లి రావడం ఒక చుట్టు.

పట్టీ తెగేది తిప్పే చోటే. చేయి ఇంకా ముందుకి కదులుతుండగానే తిప్పితే అంచు తోలులో దిగుతుంది. అందుకే ఆగి తిప్పమంటున్నాను. వేగం కోసం ఆరాటపడకండి. సినిమాల్లో టపటపా తిప్పేవాళ్లని చూసి అలా చేయాలనుకుంటే మొదటి రోజే పట్టీకి గాటు పడుతుంది. చిన్న గాటు పడితే లేచిన తోలు పొరని సన్నటి ఉప్పుకాగితంతో నునుపు చేసి వాడుకోవచ్చు. పెద్ద గాటు పడితే మార్చేయాలి, లేకపోతే ప్రతి చుట్టులోనూ అంచు అక్కడ తగులుతుంది. ఈ కారణంగానే మొదటి పట్టీ ఖరీదైనది కొనొద్దు.

నొక్కడం ఎంత? కత్తి బరువుకి పైన పిసరంత. తోలు మీద కత్తి జారుతున్నప్పుడు మొదలు నుంచి చివరి దాకా ఒకే సన్నటి చప్పుడు వినబడాలి. మధ్యలో చప్పుడు మారిందంటే అలుగు ఒక పక్కకి ఒరిగిందనుకోండి. కొంతకాలానికి మీ చెవే మీకు గురువవుతుంది.

చుట్ల లెక్క విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో మాట. గుడ్డ మీద 20 నుంచి 30, తోలు మీద 50 దాకా తిప్పితే సరిపోతుంది. గుడ్డ ముందు, తోలు తర్వాత. తోలు పెద్దగా అరగదీయదు కాబట్టి పద్ధతి సరిగా ఉంటే పది ఎక్కువైనా నష్టం లేదు. పద్ధతి తప్పితే పది చుట్లు చాలు అంచు పాడవడానికి. పట్టీ వెడల్పు తక్కువైతే కత్తిని ఐమూలగా జరుపుతూ మొదలు నుంచి కొస దాకా అంతా తగిలేలా చూసుకోండి.

మొదలుపెట్టే ముందు తోలు మీద అరచేతిని రెండు మూడుసార్లు ఒత్తి రాయండి. దుమ్ము పోతుంది, చేతి వెచ్చదనానికి తోలు కాస్త పట్టు తెచ్చుకుంటుంది. ఈ దుమ్ము విషయం తేలిగ్గా తీసుకోకండి. ఎండాకాలంలో కిటికీ పక్కన వేలాడేసిన పట్టీ మీద పడే ఒక్క ఇసుక రేణువు అంచులో పెచ్చు లేపగలదు. వాడనప్పుడు పట్టీని గుడ్డ సంచిలో పెట్టండి. నీళ్లు తగలనివ్వకండి.

గీసుకున్నాక

పదునుని కాపాడే సగం పని ఈ రెండు నిమిషాల్లోనే జరుగుతుంది, ఆ సమయంలోనే ఆఫీసుకి తొందర. తొందరున్న రోజు మామూలు రేజర్‌తో కానిచ్చేయండి, కత్తి మరుసటి రోజుకీ అక్కడే ఉంటుంది.

సబ్బు నురగ పోయేలా నీళ్ల ధారలో కడగండి. అంచు పంపుకో, సింకుకో తగలకూడదు. ఒక్కసారి తగిలినా తోలుతో పోయే నష్టం కాదు. పిడి జాయింటులోకి నీళ్లు పోనివ్వకండి, లోపల ఇరుక్కున్న తడి మొదట అక్కడే తుప్పు పట్టిస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో ఆరిన చుక్కలు తెల్లటి మచ్చలుగా అంచు మీద గట్టిపడతాయి. అలాంటి చోట చివరిసారి తాగే నీళ్లతో కడగండి. అదే నీళ్లతో సబ్బు కలిపితే నురగ కూడా బాగా వస్తుంది.

తర్వాత మెత్తటి టిష్యూతోనో, ఉతికిన పాత పంచె ముక్కతోనో వెన్ను నుంచి అంచు వైపుకే తుడవండి. అంచు పొడవునా వేలు పెట్టి ఎప్పుడూ జరపకండి. తుడిచాక గుడ్డ పట్టీ మీద ఓ పది చుట్లు తిప్పితే కంటికి కనపడని తడి కూడా పోతుంది. కాసేపు తెరిచి గాలికి ఆరనిచ్చాకే మడవండి.

మొహానికి పటిక రాసుకునే అలవాటుంటే కత్తి లోపల పెట్టాకే రాసుకోండి. పటిక నీళ్లకి ఆమ్లగుణం ఉంటుంది, ఉక్కుకి పడదు.

రోజూ వాడే కత్తికి పొడి వాతావరణంలో నూనె అక్కర్లేదు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో, వానాకాలంలో ఎక్కడైనా సరే, రాయడం మంచిది. కుట్టు మిషన్‌కి వేసే పల్చటి నూనె ఇందుకు చక్కగా పనికొస్తుంది, వాసన ఉండదు, జిగట పట్టదు. వంట నూనెలు రాయకండి, కొన్నాళ్లకి జిడ్డుగా గట్టిపడతాయి. కొబ్బరి నూనె చలికాలంలో పేరుకుంటుంది. వేలితో కాకుండా దూదితో పల్చగా రాసి, వాడేముందు తుడిచేయండి.

కత్తిని బాత్రూమ్‌లో ఉంచకండి. పడగ్గది సొరుగులో, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టి, పిల్లల చేతికందని చోట దాచండి. తోలు ఒరలో నెలల తరబడి వదిలేయడం కూడా మంచిది కాదు, తోలు తేమని పీల్చుకుని అలుగు పక్కనే పట్టి ఉంచుతుంది.

తోలు చాలనప్పుడు

ఇలా చూసుకుంటే ఒకసారి నూరిన పదును కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా ఉంటుంది. గడ్డం గరుకుతనం, ఎన్ని రోజులకోసారి గీసుకుంటారు, ఉక్కు ఎలాంటిది, వీటిని బట్టి మారుతుంది. గుర్తులు స్పష్టంగానే ఉంటాయి. పైపెదవి మీదా గడ్డం కిందా ముందు గుంజుతుంది. ఒకే చోట రెండుసార్లు గీయాల్సి వస్తుంది. గీసుకున్నాక మంట పెరుగుతుంది. ఇవి కనబడగానే రాయి తీయకండి. ముందు రెండు మూడు రోజులు పట్టీ పనిని శ్రద్ధగా, నెమ్మదిగా చేసి చూడండి. చాలాసార్లు పదును తిరిగొస్తుంది, అంటే లోపం మీ తొందరలో ఉందన్నమాట.

అప్పటికీ గుంజుతుంటే, ఉక్కుని చాలా సన్నగా అరగదీసే పేస్టు పూసిన పట్టీ వాడాలి. ఆకుపచ్చటి క్రోమియం ఆక్సైడ్, రేణువు అర మైక్రాన్ ఉన్నది తీసుకోండి. దీన్ని రోజూ వాడే తోలుకి ఎప్పుడూ పూయొద్దు. చెక్క మీద అంటించిన వేరే తోలు ముక్కకో, నునుపుగా చేసిన తేలికపాటి బాల్సా చెక్కకో చాలా పల్చగా రాయాలి. ఆకుపచ్చ రంగు లీలగా కనిపిస్తే చాలు. దాని మీద పది చుట్లు, దాదాపు నొక్కకుండా తిప్పండి. వెన్ను ముందు నడవాలన్న నియమం ఇక్కడా అదే. అలుగుని శుభ్రంగా తుడిచి, మామూలు తోలు మీద 50 చుట్లు తిప్పి గీసుకుని చూడండి.

పేస్టుకి ఒక హద్దుంది. తోలు మెత్తన కాబట్టి పదేపదే వాడితే అంచు కొద్దికొద్దిగా గుండ్రబడుతుంది. నెలకోసారి వాడితే ఇబ్బంది లేదు. ప్రతి వారం కావాల్సి వస్తోందంటే ఇక రాయి దగ్గరికి వెళ్లే సమయం వచ్చింది.

రాయి మీద పెట్టే ముందు

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు ఉన్న నల్ల సానరాయి కొడవళ్లకీ కత్తిపీటలకీ సరిపోతుంది. దాని నునుపు పక్క కూడా మన కత్తికి చాలా గరుకు. మనకి కావాల్సినవి 1000 గ్రిట్, 4000 లేదా 5000, 8000, 12000 గ్రిట్ రాళ్లు. గ్రిట్ అంటే రాయిలోని రేణువు ఎంత సన్నటిదో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రేణువు సన్నబడి రాయి నునుపవుతుంది. బెల్జియం కోటిక్యూల్ లాంటి సహజమైన రాళ్లు అందమైనవి, గొప్పవి, కానీ ఒక్కో రాయి తీరు వేరు. మొదట మనిషి చేసిన రాళ్లతోనే నేర్చుకోండి.

పదును మళ్లీ తాజా చేసుకోవడానికి మాత్రమే అయితే 12000 గ్రిట్ రాయి ఒక్కటి చాలు. అదీ ఖరీదనుకుంటే 1 మైక్రాన్ ల్యాపింగ్ ఫిల్మ్ తెచ్చుకోండి. ఆప్టికల్ ఫైబర్ కొసలు నునుపు చేయడానికి వాడే ప్లాస్టిక్ కాగితం అది. గాజు పలక మీద నీళ్లు చల్లి పరిస్తే అతుక్కుంటుంది. రాయి చదును చేసే బాధ ఉండదు, ఖర్చు తక్కువ. కొత్తవాళ్లకి నా సిఫారసు ఇదే.

రాయి వాడితే అది నిజంగా చదునుగా ఉండాలి. దుకాణం నుంచి వచ్చిన కొత్త రాయి కూడా చాలాసార్లు ఉండదు. రాయి మీద పెన్సిల్‌తో నిలువు అడ్డ గీతలు గీయండి. పాలిష్ చేసిన గ్రానైట్ పలక మీద 320 లేదా 400 నంబరు వాటర్ పేపర్ పరిచి, తడిపి, రాయిని దాని మీద రుద్దండి. గీతలన్నీ ఒకేలా చెరిగేదాకా ఆపకండి. చీమకుర్తి నుంచి కరీంనగర్ దాకా గ్రానైట్‌కి లోటు లేని నేల మనది, గ్రానైట్ కోసే దుకాణంలో అడుగు పొడవు తుంపు తేలిగ్గా దొరుకుతుంది. తర్వాత రాయి అంచులని కూడా కాస్త గుండ్రం చేసి, బాగా కడగండి.

కత్తి వెన్నుకి ఒక పొర కరెంటు టేపు అతికిస్తే వెన్ను అరగదు. టేపుతో కోణం ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతుంది. అందుకని ఒకసారి టేపుతో, ఒకసారి టేపు లేకుండా నూరకూడదు. ఏదో ఒకటి నిర్ణయించుకుని దానికే కట్టుబడండి.

నూరడం

తోలుకి పూర్తిగా వ్యతిరేకం: రాయి మీద అంచు ముందు నడుస్తుంది, వెన్ను వెనక వస్తుంది. రాయి మీద నీళ్లు చల్లి, కత్తిని పడుకోబెట్టి, అంచు ముందుగా తోయండి. తోస్తూనే పక్కకి లాగండి. మొదలుపెట్టినప్పుడు అలుగు మొదలు రాయి మీద ఉంటే, చివరికి కొస ఉండాలి. ఇలా ఐమూలగా కదపడం వల్ల అలుగు కాస్త వంపుగా ఉన్నా అంచు అంతా రాయికి తగులుతుంది. చివర్లో ఎప్పట్లాగే వెన్ను మీద తిప్పి వెనక్కి రావాలి.

తాజా చేసుకోవడమే పనైతే 12000 రాయి మీదో, 1 మైక్రాన్ ఫిల్మ్ మీదో 15, 20 చుట్లు, కత్తి బరువుతోనే. తుడిచి, గుడ్డ, తోలు, ఆపైన గడ్డం. మొదటి రెండేళ్లలో మీకు అవసరమయ్యే నూరడం చాలావరకు ఇంతే.

పూర్తిగా మొద్దుబారిన కత్తికి 1000 రాయితో బెవెల్ పెట్టాలి. ఇది అసలైన పునాది, ఇక్కడ తొందరపడితే ఆ తర్వాతి రాళ్లన్నీ వృథా. ముందు అంచు వాలు మీద పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా పూయండి. మూడు నాలుగు చుట్లు తిప్పి చూడండి. సిరా అంచు పదును గీత దాకా పోయిందా? వాలు వెనక భాగంలోనే పోయి, ఆ గీత మీద సిరా మిగిలితే రాయి ఇంకా అంచుకి చేరలేదని అర్థం. ఎన్ని చుట్లని నేను చెప్పలేను, కత్తిని బట్టి 50 కావచ్చు, 300 కావచ్చు. మొదట కాస్త నొక్కొచ్చు, పోనుపోను తగ్గించుకుంటూ రావాలి.

బెవెల్ కుదిరిందని తెలుసుకోవడానికి రెండు పరీక్షలు. బల్బు కింద అంచుని పైకి పెట్టి తిన్నగా చూడండి. సరైన అంచు కనపడదు, మెరుపు చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ మొద్దుగా ఉందన్నమాట. రెండోది, పండిన టమాటా తొక్క మీద అలుగుని నొక్కకుండా జరపండి. మొదలు, మధ్య, కొస మూడు చోట్లా తొక్కలోకి దానంతటదే దిగాలి. ఒక్క చోట జారినా 1000 రాయి వదలకండి. నగల పనివాళ్లు వాడే భూతద్దం ఒకటి ఉంటే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఆ తర్వాత సన్నటి రాళ్ల మీద పని, ఒక్కోదాని మీద ముందు రాయి గీతలు పూర్తిగా పోయేదాకా. రాయి మారిన ప్రతిసారీ కత్తినీ చేతులనీ కడగండి, గరుకు రేణువు ఒక్కటి సన్నటి రాయి మీదకి వస్తే మళ్లీ మొదటికే. టేపు చిరిగితే మార్చండి. చివరి రాయి మీద చేతి బరువు అసలు ఉండకూడదు.

కొన్నిసార్లు అంచు పదును గీత వెంబడి జుట్టుకంటే సన్నటి ఉక్కు పొర వేలాడుతూ మిగులుతుంది. అలాంటి కత్తి చేతి వెంట్రుకల్ని బాగా తీస్తుంది గానీ మొహం మీద సగం గీసేసరికి చచ్చిపడిపోతుంది. ఎక్కువ నొక్కడమే కారణం. 8000 రాయి మీద వెన్ను ముందుగా రెండు మూడు తేలికైన చుట్లు తిప్పి, తర్వాత మామూలుగా అంచు ముందుగా పది చుట్లు తిప్పితే సాధారణంగా పోతుంది.

కంటికి కనిపించే పెచ్చు లేచిన కత్తినీ, వెన్ను వంకరైన కత్తినీ, పగులు అనుమానం ఉన్నదాన్నీ మీరు ముట్టుకోకండి. చేయి తిరిగినవాళ్లకి పంపండి. మీరు నూరినది పరీక్షించేటప్పుడు మాత్రం ముందు దవడ పక్కన, బిగువైన చర్మం మీద, వెంట్రుకలు మొలిచిన దిశలోనే రెండు అంగుళాలు గీయండి. అక్కడ గుంజకుండా సాగితేనే గొంతు దగ్గరికి వెళ్లండి. గుంజితే ఆ రోజుకి ఆపి, మామూలు రేజర్‌తో ముగించి, కత్తిని మళ్లీ తోలు మీద 50 చుట్లు తిప్పి, తుడిచి లోపల పెట్టండి. మరుసటి రోజు కూడా గుంజితే చివరి రాయి మీద ఇంకో పదిహేను చుట్లు.